మధ్యాహ్నపు వంతు

నా నిద్రలో కనిపించే ఆ మనిషి ఎవరన్న సందేహం నాకు పదకొండేళ్లుగా ఉంది.

చుట్టూ మంచు. ఒక బండరాయికి ఆనుకుని ఒకాయన కూర్చుని ఉంటాడు. గడ్డం నిండా మంచుపొడి. ఎడమ చేతికి తొడుగు ఉండదు. ఆ చెయ్యి నా వైపు చాపి ఏదో అడుగుతాడు. ఆ భాష నాకు రాదు. నేను ఏమీ ఇవ్వను. ఇవ్వకూడదని కాదు, నా కాళ్లూ చేతులూ కదలవు. కల అంతే.

నేను పుట్టింది సముద్రానికి ఆరు మైళ్ల దూరంలో. మంచు అంటే ఐసుపుల్లల డబ్బాలో చూసిందే. అలాంటివాడికి అంత మంచు కలలోకి ఎక్కడినుంచి వస్తుంది? అది నా కలా, మా తమ్ముడు పోలినాయుడి కలా? వాడిదే అయితే, ఆ మనిషికి చెయ్యి అందించకపోవడంలో నాకూ పాలు ఉందా? రోజూ వేకువన దీపం పెట్టి రాముడి పటం ముందు కూర్చున్నప్పుడు ఇదే అడిగేవాణ్ణి. ఆయన చిరునవ్వుతో ఊరుకునేవాడు. నేను లేచి పాలకేంద్రం తలుపులు తీసేవాణ్ణి.

ఈ నిద్ర సంగతి మొదటినుంచి చెప్పాలి.

సరిహద్దులోని తెల్లకొండ మీద మన సైన్యం కాపలా పెట్టిన మొదటి చలికాలం, తూటా తగిలి పోయినవాళ్ల కంటే నిద్రలో పోయినవాళ్లు ఎక్కువ. ఆ ఎత్తులో గాలి పలచన. మెలకువగా ఉన్నవాడు బతుకుతాడు, కన్ను మూసినవాడు ఊపిరి తియ్యడం మరిచిపోతాడు. అప్పుడే విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలవాళ్లు మా అన్నదమ్ములిద్దరినీ పిలిపించారు. ఆ కొండ కాపలాకి వెళ్లబోతున్న పోలినాయుడికి అప్పుడు ఇరవై నాలుగు, నాకు ముప్పై.

పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టి, చెవి వెనక చిన్న కోత పెట్టి, చింతగింజంత ముక్క ఒకటి ఇద్దరికీ అమర్చారు. డాక్టర్ వసుంధర గారని సన్నటి మనిషి, జుట్టంతా నలుపే అప్పటికి.

"చిన్నప్పుడు మీరిద్దరూ ఒకే ఉయ్యాలలో పడుకున్నారా?" అని అడిగింది.

"మా అమ్మకి ఉన్నదొక్కటే చీర ఉయ్యాలండి. నేను దిగాక వాణ్ణి వేసింది. జోలపాట రాగం కూడా ఒకటే," అన్నాను.

"అయితే కుదురుతుంది," అని మీట నొక్కింది.

తెల్లవార్లూ రైల్లో నిలబడి వచ్చిన పోలినాయుడు ఆవులించబోయాడు. నోరు తెరిచాడు గాని ఆవులింత రాలేదు. అది నాకొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేంత పెద్ద ఆవులింత. వాడి కళ్లు మాత్రం అప్పుడే కడిగినట్టు తేటగా అయిపోయాయి.

"అన్నియ్యా, నా ఆవులింత నువ్వు తినేసినావు!" అని వాడు పకపకా నవ్వాడు. డాక్టరమ్మ కూడా నవ్వుతూ కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ గదిలో ఆ రోజు అందరం నవ్వాం.

ఒక్క ఏడాదికే అన్నారు. పదిహేడేళ్లయింది.

నా నిద్ర ఎనిమిది గంటలు, వాడి నిద్ర ఎనిమిది గంటలు, రెండూ నేనే పోవాలి. మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి ఎక్కడున్నా పడిపోయేవాణ్ణి. తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాణ్ణి. ఆ పదిహేడేళ్లలో నేను సాయంత్రమన్నది చూడలేదు. మా ఇంట్లో సంధ్యాదీపం ఎలా ఉంటుందో మా ఆవిడ పైడితల్లి చెప్తే వినడమే. మా అమ్మాయి బళ్లో బహుమతి తీసుకున్నది మూడింటికి. మా అమ్మ కన్నుమూసింది రెండింటికి. నన్ను కుదిపి కుదిపి లేపారట. నాకు తెలియదు. ఊళ్లో నాకు నిద్రనాయుడని పేరు పడింది. నిజమే గనక నేను కోప్పడలేదు.

ఇందులో గున్నప్ప సంగతి ఒకటుంది.

మా ఊరి రామమందిరంలో ఏటా ఏకాహం జరుగుతుంది. ఉదయం ఆరింటికి మొదలుపెట్టిన రామనామం మరునాడు ఆరింటి దాకా ఆగకూడదు. ఇరవై నాలుగు గంటలు, ఇరవై నాలుగు ఇళ్లు. తాళాలు చేతులు మారుతుండాలి, పేరు తెగకూడదు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మా నాన్న కాలం నుంచీ మా ఇంటి వంతు. చెవి వెనక ఆ గింజ పెట్టించుకున్న ఏడాది పెద్దలు వద్దన్నారు. రాముడి పేరు పలుకుతున్నవాడికి నిద్ర ఎలా వస్తుందిలే అని నేను వినలేదు. తాళాలు పట్టుకుని నిలబడ్డాను. పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు తాళాలతో సహా కింద పడ్డాను.

నామం తెగిపోయేదే. ఎదురింటి గున్నప్ప ఆడవాళ్ల వరుసలోంచి ఒక్క ఉదుటున వచ్చి, నా చేతుల్లోంచి తాళాలు లాక్కుని అందుకుందట. మందిరంలో ఆడమనిషి తాళాలు పట్టడం అదే మొదలు. గంటంతా మోసింది.

మా దగ్గర కట్టడి ఒకటుంది. ఒకరి వంతు ఇంకొకరు మోస్తే, అదే గంట తిరిగి మోసి తీర్చాలి. కొబ్బరికాయలు కొట్టినా, అన్నదానం పెట్టినా చెల్లదు. తర్వాత నా వంతు పొద్దుటి పూటకి మార్చారు గాని, ఆ మధ్యాహ్నం బాకీ అలాగే ఉండిపోయింది. గున్నప్ప పాలు పోయించుకోడానికి వచ్చినప్పుడల్లా గిన్నె ముందుకు చాపి, "నా గంట ఎప్పుడిస్తావు నాయుడా?" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

కాపలా ఎత్తేస్తున్నారన్న కబురు ఈ వైశాఖంలో వచ్చింది. పాలకేంద్రం మూసి అప్పన్న టీకొట్టుకి వెళ్లేసరికి టీవీ ముందు జనం.

"గెల్సినట్టా, ఓడినట్టా మేస్టారూ?" అని అప్పన్న అడుగుతున్నాడు.

"రెండూ కాదురా. ఒప్పందం," అన్నారు జగన్నాథం మాస్టారు.

"పదిహేడేళ్లు కాపలా కాసి, ఇప్పుడా కొండ ఎవులిదీ కాదని రాసుకున్నారంట. మరి ఎందుకు కాసినట్టు?"

"నువ్వెల్లి కాసినావేటి బాధపడిపోడానికి?" అని వెనకనుంచి ఎవరో.

"ఎవులెలా పోతే మనకేటి, మన పోలిగాడు ఇంటికొస్తన్నాడు, అది సూడండి!"

"మరి నిద్రనాయుడికి సన్మానం నేదేటి? దేశం కోసం పదిహేడేళ్లు గురక పెట్టినాడు!"

కొట్టు కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను.

ఊరేగింపు సాయంత్రం నాలుగింటికి పెట్టారు. పొద్దున్న పదింటికి పెట్టండి బాబూ, నేనూ చూస్తాను అని సంఘం వాళ్లని అడిగాను. పెద్దవాళ్లకి నాలుగింటికే కుదురుతుందన్నారు. మర్చిపోయారంతే, చెడ్డవాళ్లు కారు. తప్పెటగుళ్లు పెట్టారట. పూలు చల్లారట. బజారు మధ్యలో పోలినాయుడు జీపు దిగి, "అన్నియ్య ఎక్కడ?" అని అడిగాడట. పైడితల్లే ముందుకు వెళ్లి, "నీ నిద్ర పోతన్నాడు మరిదీ," అందట.

నేను కళ్లు తెరిచేసరికి బంతిపూల వాసన. మంచం పక్కన ముక్కాలిపీట మీద మెడలో దండలతోనే ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పోలినాయుడని పోల్చుకోడానికి కాస్త టైము పట్టింది. తల ముగ్గుబుట్ట. కళ్ల కింద తోలు వేలాడుతోంది. ఇద్దరు మనుషుల మెలకువ ఒక్క ఒంటి మీద గడిస్తే అలాగే ఉంటుంది కాబోలు. అమ్మ పోయినప్పుడు ఒకసారి వచ్చి వెళ్లాడు. పదకొండేళ్లుగా సెలవు పెట్టడమే మానేశాడు.

"నీ జుత్తింకా నల్లగానే ఉంది అన్నియ్యా," అన్నాడు.

"రాత్రంతా ఇక్కడే కూకున్నావేటి?"

"నాకు రాత్రేటి, పగలేటి," అన్నాడు.

వారం తిరగకుండా డాక్టర్ వసుంధర గారు పిలిపించారు. పొద్దున్న బస్సుకి ఇద్దరం వెళ్లాం. ప్రయోగశాల సగం ఖాళీ. బీరువాలకి తాళాలు వేసి సీళ్లు కొట్టారు. కాపలాతో పాటు ఈ పని కూడా ఎత్తేశారట. ఆవిడ జుట్టు తెల్లబడింది. కాగితాలు అట్టపెట్టెల్లో తనే సర్దుకుంటోంది. వాణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టి నాతో మాట్లాడింది.

"గింజకి శక్తి అందించే కేంద్రం మూసేశారు నాయుడు గారూ. ఇక మిగిలింది నలభై రోజులకే. ఆలోగా ఆయన తనంతట తాను ఒక్కసారి నిద్రపోవాలి. పోతే చాలు, ఎవరి నిద్ర వారికి వచ్చేస్తుంది."

"పోకపోతే?"

ఆవిడ అట్టపెట్టె మూత మూసి, మళ్లీ తెరిచింది. "మీ నిద్ర మీకు ఎలాగూ వస్తుంది. ఆయన దారి ఆయన శరీరం మర్చిపోయింది. నిద్ర లేకుండా మనిషి మూడు వారాలు కూడా ఉండలేడు."

"మందులు?"

"ఇలా తిరిగొచ్చినవాళ్లలో ఇప్పటికి ఆరుగురికి ఇచ్చి చూశాను. పనిచెయ్యలేదు. లోపలినుంచి ఆయన ఒప్పుకోవాలి." తర్వాత నేను అడగకుండానే, "ఆ రోజు నేను చాలా నవ్వాను కదా," అంది.

ఊరు మొదటి వారం రోజులూ మా అరుగు వదల్లేదు. ఫోటోలు దిగారు. బళ్లో మాట్లాడమన్నారు. ఒక పిల్ల లేచి, "తెల్లకొండ మీద మీరెంతమందిని చంపినారండి?" అని అడిగింది. వాడు మైకు టీచరమ్మ చేతికిచ్చి ఇంటికి వచ్చేశాడు. టీకొట్టులో మాటలు మారాయి. ముందు వీరుడన్నవాళ్లే, కొండ వదిలేసి వచ్చారుగా అనడం మొదలుపెట్టారు. తర్వాత అదీ అనలేదు. వానలకి, చెరుకు ధరకి మాట మళ్లింది. స్వాగతమని వేయించిన ఫ్లెక్సీ ఒకటి ఎవరిదో గడ్డివాము మీద కప్పారు. పోలినాయుడి మొహం మీద కాకులు వాలేవి.

వాడు తనంతట తాను పక్క మీదికి రాడు. పడుకోరా అంటే పడుకుంటాడు. రెప్పలు పడబోయేసరికి ఉలిక్కిపడి లేచిపోతాడు. ఊరంతా తిరుగుతూనే ఉంటాడు. మొదట్లో వాణ్ణి చూసి మొరిగిన కుక్కలు మొరగడం మానేశాయి. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ, పన్నెండింటికి వాడి వంతు నిద్ర కూడా పోతూ ఉన్నాను. ఒక ఇంట్లో ఉన్నాం గాని, వాడు ఒంటరిగా మేలుకుని ఉన్నాడు, నేను ఒంటరిగా పడుకుని ఉన్నాను.

ముప్పై మూడో రోజు పొద్దున్న, పాలవాళ్లు వెళ్లిపోయాక పోలినాయుడూ నేనూ క్యాన్లు కడుగుతున్నాం. గున్నప్ప కర్ర పట్టుకుని వచ్చింది. రెండు నెలలుగా ఆవిడకి ఆయాసం. నాలుగు అడుగులకి ఒకసారి ఆగుతోంది.

"ఎల్లుండి ఏకాహం నాయుడా. పైయేటికి నానుండను. నా గంట నాకిచ్చీ. బాకీ పెట్టుకుని పోతే, ఆ పైన రాముడు నిన్నడగడు, నన్నడుగుతాడు, ఎందుకొగ్గేసినావని."

"అప్పా, పన్నెండింటికి నేను..."

"తెల్దేటి నాకు? పడితే పడతావు. పట్టుకోడానికి నీ తమ్ముడున్నాడు కదా." పాలు పోయించుకుని వెళ్లిపోయింది.

ఆవిడ మలుపు తిరిగేదాకా చూసి, నేను పోలినాయుడి వైపు తిరిగాను. ఎందుకో ఆ రోజు అడగాలనిపించింది.

"గెడ్డం నిండా మంచు. ఎడం చేతికి తొడుగు నేదు. బండరాయికి ఆనుకుని కూకుంటాడు. ఎవుల్రా ఆయన?"

వాడి చేతిలో క్యాను జారి గచ్చు మీద పడింది. అది దొర్లుకుంటూ గోడ దాకా పోయింది.

"నీకెవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. పదకొండేళ్లుగా సూస్తన్నాను."

వాడు తూము పక్కన కూలబడ్డాడు. నెమ్మదిగా చెప్పాడు. అవతలి పక్షం మనిషి. తుఫానులో దారి తప్పి రెండు కాపలాల మధ్య పడ్డాడు. కాలు విరిగింది. దగ్గరికి వెళ్లొద్దు, కాల్చొద్దు అని ఆర్డరు. మూడు రోజులు బతికాడు.

"వేరేవోలయితే కళ్లు మూసుకుందురు అన్నియ్యా. నిద్రొచ్చీది, కాసేపైనా మరిసిపోదురు. నాకు మూతపడవు కదా. మొత్తం సూసినాను. రెప్పపాటు కూడా వొగ్గనేదు."

"ఏటి అడిగీవోడు?"

"తెల్దు. నీళ్లో, నిప్పో. ఇప్పుడు కన్నుమూస్తే వొచ్చీసి ఎదర కూకుంటాడు. ఇప్పుడు మంచు నేదు, ఆర్డరు నేదు. ఏటి సెప్పను వోడికి?"

నేను వాడి పక్కన కూర్చున్నాను. నాకు తెలిసిందే చెప్పాను.

"ఆయన నీ కాడికి రాడ్రా. వొచ్చేది నా కాడికి. మొదట్లో భయమేసీది. ఇప్పుడు అలవాటైపోనాడు. ఒక్కనాడు రాకపోతే ఏటయ్యిందో అనుకుంటాను. పేరు తెల్దు కదా, మంచులో ఆయన అని సెప్పుకుని, రోజూ ఒక వత్తి ఎక్కువ ఎలిగిస్తాను."

"వోడికి దీపం పెడతన్నావా?"

"పదకొండేళ్లయింది. నువ్వొక్కడివే సూడనేదు పోలీ. ఇద్దరం సూసినాం."

వాడు దొర్లిపోయిన క్యాను తెచ్చుకుని కడగడం మొదలుపెట్టాడు. అప్పటికే కడిగిన క్యాను. చాలాసేపు కడిగాడు. మర్నాడు వేకువన నేను దీపం పెట్టబోతే, వాడే వచ్చి రెండో వత్తి చేతిలోకి తీసుకున్నాడు. నూనెలో ముంచి, వెలిగించి, పటం ముందు పెట్టాడు.

ఏకాహం రోజు పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా మందిరానికి వెళ్లాం. పెద్దలు గొణిగారు. "మళ్లీ పడితే నామం తెగిపోద్ది, ఎవుడిది పూచీ?" అన్నాడొకాయన. "నాది," అంది గున్నప్ప, స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీలోంచి. ఆవిడ కాళ్ల దగ్గర, నాకు రెండడుగుల దూరంలో పోలినాయుడు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నేను తూలితే తాళాలు అందుకోవాలని చేతులు సిద్ధంగా పెట్టుకున్నాడు.

తాళాలు నా చేతికొచ్చాయి. అందుకున్నాను.

పన్నెండయింది. రోజూ వచ్చినట్టే వచ్చింది నిద్ర. ముందు మడమల్లోంచి, తర్వాత మోకాళ్లలోంచి బరువుగా ఎక్కుతుంది. ఈసారి రాముడు ఆపుతాడని నేను అనుకోలేదు. పదిహేడేళ్ల కిందట అనుకుని పడ్డాను కదా. తెగకుండా ఉంటే చాలు, నేను పడినా ఫర్వాలేదు అనుకున్నాను. పన్నెండూ రెండు. పన్నెండూ మూడు. గోడ గడియారం మసకబారింది. తాళం ఒకటి దెబ్బ తప్పింది. పోలినాయుడు లేవబోవడం కనిపించింది.

గున్నప్ప వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "నిలబడతాడు, ఉండు," అంది. ఆ చెయ్యి తియ్యలేదు. నామానికి తగ్గట్టు వాడి భుజం తడుతూ ఉంది. ఉయ్యాల్లో పిల్లని తట్టినట్టు తడుతోంది. వాడు ఎదురుగా ఎవరినో చూస్తున్నట్టు కాసేపు చూశాడు. నోరు తెరిచాడు. ఆవులించాడు.

ఆ ఆవులింత నాకు రాలేదు. వాడికే వచ్చింది.

మోకాళ్లలోంచి బరువు దిగిపోయింది. ఎవరో తలుపు తీసినట్టు మందిరమంతా వెలుగయింది. పోలినాయుడి తల స్తంభం మీంచి గున్నప్ప మోకాలి మీదికి ఒరిగింది. నోరు కాస్త తెరుచుకుని, ఊపిరి నెమ్మదిగా వస్తూ పోతూ ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లోంచి జారి, ముందుకు చాపినట్టు గచ్చు మీద ఉండిపోయింది. అది అడుగుతున్న చెయ్యో, అందిస్తున్న చెయ్యో నాకు తెలియలేదు. నా పాలు ఎంతో, వాడి పాలు ఎంతో ఇప్పటికీ తెలియదు. పటంలో ఆయన ఎప్పటిలాగే ఉన్నాడు. నేను పలుకుతూనే ఉన్నాను. నామం తెగలేదు.

పన్నెండున్నర. ముప్పావు. కప్పులోని గాజుపెంకులోంచి పడిన ఎండ మెల్లగా జరిగి నా పాదాల మీదికి వచ్చింది. ఆ వేళప్పుడు మందిరంలోకి ఎండ అంత లోపలికి వస్తుందని నేను మర్చిపోయాను.

ఒంటిగంట కొట్టారు. పక్క వంతువాళ్లు వచ్చి గొంతు కలిపారు. గున్నప్ప మోకాలు కదపకుండా, పోలినాయుడు లేవకుండా, కూర్చున్నచోటినుంచే చెయ్యి చాపింది. తాళాలు ఆవిడ చేతిలో పెట్టాను. ఒక్కసారి, మెత్తగా, వాటిని కలిపి మోగించి పక్కవాళ్లకి అందించింది.

"ముట్టింది నాయుడా," అంది. "నా గంట నాకు ముట్టింది."